ఉడుంపట్టు

పార్సిల్ గోదాము, భోజనాల గది
ఎండలు ముదిరిన రోజులు

అక్కకు,

నమస్కారం. నా చేతిరాత చూస్తే కవరు విప్పకుండానే చెత్తబుట్టలో వేస్తావని తెలుసు. అందుకే అడ్రసు మా గోదాము గుమస్తా చేత రాయించాను. మోసమే. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, ఏం చేయమంటావు?

నేనొక కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ మందులివ్వదు. మనుషులు తమ ఓటమి గురించి తాము చెప్పుకునే కథల మీద పనిచేస్తుంది. "జరిగింది ఒక్కసారే. దాన్ని రోజూ ఒకే తీరుగా చెప్పుకుని, చివరికి ఆ కథే నేననుకుంటారు. రండి, విప్పి చూద్దాం" అంటుంది. మనిషి వేరు, సమస్య వేరు అనేది ఆవిడ మొదటి పాఠం. సమస్యకి పేరు పెట్టమంటే నేను 'జారుడు' అని పెట్టాను. ఇప్పుడు నేను చేతకానివాణ్ణి అనకూడదు. జారుడు నన్ను ఫలానా పని చేయనివ్వడం లేదు అనాలి. మొదట్లో నాకూ నవ్వొచ్చింది.

మన సంగతి ఏమీ తెలియనివాళ్ళకి చెబుతున్నట్టు రాయమంటే ఇలా రాశాను: "మా నాన్న సర్కస్‌లో ఊయల ఆట నేర్పేవాడు. నేను ఒక ఊయలకి మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడేవాణ్ణి. మా అక్క ఎదుటి ఊయల మీద నుంచి ఎగిరి వచ్చేది. గాల్లో ఆమె మణికట్లు అందుకోవడం నా పని. ఒకరోజు ఆటలో ఆమెను వదిలేశాను. వల అంచుకు తగిలి నేల మీద పడింది. తుంటి విరిగింది. ఆమె మళ్ళీ ఎగరలేదు. నేను మళ్ళీ ఎవరినీ పట్టుకోలేదు."

మేడమ్ అది చదివి, "ఇందులో మీ మాటలేవి, మీవాళ్ళ మాటలేవి?" అని అడిగింది. ఆరోజు అక్కడున్నవాళ్ళెవరైనా తాము చూసింది రాసిస్తే మంచిదంది. నాన్న లేడు. మిగిలింది నువ్వే. ఒక్క పేజీ చాలు.

నీ తమ్ముడు

*

జిమ్, పరుపుల గది
అదే ఎండ, పైన రేకుల కప్పు

జారుడుగారి యజమానికి,

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయట. నీకు ఇన్నేళ్ళకి సాక్షి అవసరమైందన్నమాట! ఇంతకీ జారుడు కులాసాగా ఉన్నాడా? వేళకి తింటున్నాడా? పెళ్ళీడుకొచ్చి ఉండాలే, సంబంధాలు చూస్తున్నావా?

నీ కథ చదివాను. బాగుంది. నీ గురించి నాలుగు మాటలు, నా గురించి రెండు. అందులో ఒకటి "ఆమె మళ్ళీ ఎగరలేదు." అంతే, అక్కడితో నన్ను పాతేసి మట్టి కప్పేశావు. ఆ తర్వాత నేనేం చేశానో ఆ మహాతల్లికి చెప్పావా? ఈ జిమ్‌లో పిల్లలకి పాఠాలు చెబుతాను. వాళ్ళు దూకుతారు, దొర్లుతారు, పల్టీలు కొడతారు. ఎవరికీ ఏమీ విరగదు, ఎందుకంటే ముందు నేను పడటం నేర్పుతాను. నా క్లాసు కోసం పక్క ఊళ్ళ నుంచి బస్సెక్కి వస్తారు. నీ కథలో దీనికి చోటు లేదు. నేను బాగుంటే నీ ఏడుపుకి అర్థం ఉండదు కదా.

నిజం చెప్పనా? పడింది నేను. తుంటిలో ఇనుప మేకులు నాకు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకునేది నేను. బాధపడే ఉద్యోగం మాత్రం నువ్వు తీసేసుకున్నావు. ఆస్పత్రిలో నన్ను చూడటానికి వచ్చినవాళ్ళంతా ముందు వరండాలో కూలబడి ఉన్న నిన్ను ఓదార్చేవాళ్ళు. ఓదార్చి ఓదార్చి అలిసిపోయి నా మంచం దగ్గరికొచ్చి, "వాడేమైపోతాడో, నువ్వే ధైర్యం చెప్పాలమ్మా" అనేవాళ్ళు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టిన మనిషితో అనే మాటేనా అది?

సాక్ష్యం కావాలంటే కోర్టుకెళ్ళు. నేను రాయను.

అక్క

*

గోదాము, లోడింగ్ అరుగు

అక్కా,

నువ్వు ఇలాగే రాస్తావని మేడమ్‌తో ముందే పందెం కాశాను. గెలిచాను.

వరండాలో ఏడ్చానన్నావు. అవును, ఏడ్చాను. లోపలికి ఎందుకు రాలేదో తెలుసా? వచ్చాను. నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకున్నావు. తిరగడానికి ఎంత నొప్పి వేసి ఉంటుందో! ఆ నొప్పి భరించడానికి సిద్ధపడ్డావు గానీ నా మొహం చూడటానికి సిద్ధపడలేదు. నా పెళ్ళికి రాలేదు. నేను పంపిన చేతికర్రని రెండు ముక్కలు చేసి పార్సిల్లో తిప్పి పంపావు. పోస్టు ఖర్చులు కూడా నీవే. అంత కసి ఉన్నవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

నాన్న నన్ను ఉడుం అని పిలిచేవాడు, గుర్తుందా? నేను పట్టుకుంటే ఇక వదలనని. డేరాలో వంటమనిషి దగ్గర నుంచి టికెట్లు చింపేవాడి దాకా అందరూ అదే పేరుతో పిలిచేవాళ్ళు. ఊళ్ళో గోడల మీద అంటించే బొమ్మల్లో కూడా "పిచ్చుక, ఉడుం" అని మనిద్దరి పేర్లూ వేసేవాళ్ళు. ఆరోజు నుంచి ఒక్కరూ ఆ పేరెత్తలేదు. నాన్న చివరి దాకా "ఏరా, ఒరేయ్" అనే పిలిచాడు. నీకు పోయింది తుంటి. నాకు పేరు పోయింది. రెండూ ఒకటేనని అనడం లేదు, కయ్యానికి కాలు దువ్వకు.

అసలు నేను ఇష్టపడి వెళ్ళడం లేదు అక్కడికి. నీ మరదలు పెట్టిన షరతు అది. ఇంట్లో ఒక పని ఉంది, అది నావల్ల కావడం లేదు. దాని సంగతి నీకెందుకులే. ఒక్క పేజీ రాయడానికి ఇంత బెట్టు చేసే మనిషికి నా ఇంటి గొడవలు చెప్పుకుని ఏం లాభం? అటు మేడమ్, ఇటు నువ్వు, ఇంటికెళ్తే బుడంకాయ ఏడుపు. ఎవరికని జవాబు చెప్పను?

తమ్ముడు

*

జిమ్

ఒరేయ్,

బుడంకాయ ఎవరు?

మాట మార్చకుండా జవాబు రాయి.

అక్క

*

ఇల్లు, ముందుగది
మొదటి వాన పడిన వారం

అక్కా,

నా కూతురు.

ఇంకా నడక రాలేదు. మంచం కోళ్ళు పట్టుకుని లేచి నిలబడుతోంది. చెప్పలేదని తిడతావు, తిట్టు. నీకు చెబితే నువ్వు "ఎత్తుకున్నావా?" అని అడుగుతావు. ఆ ప్రశ్నకి భయపడి చెప్పలేదు.

ఎత్తుకోలేదు. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఆస్పత్రిలో నర్సు గుడ్డలో చుట్టి ఇవ్వబోతే జలుబుగా ఉందన్నాను. ఇంటికొచ్చాక నడుం నొప్పి అన్నాను. తర్వాత సాకులు అయిపోయాయి. నీ మరదలు స్నానం చేయిస్తుంటే తువ్వాలు పట్టుకుని నిలబడతాను. అది తుడిచి పిల్లని మంచం మీద పడుకోబెట్టాక పక్కన కూర్చుంటాను. బుడంకాయ నా చొక్కా పట్టుకుని పాకుతూ మీదకొస్తే చేతులు రెండూ నా తొడల కింద పెట్టుకుంటాను. రోజంతా గోదాములో గాజు సామాను పెట్టెలు మోస్తాను. ఇంతవరకు ఒక్కటి పగలలేదు. ఇంటికొస్తే ఈ చేతుల్ని చూస్తేనే భయం.

నీ మరదలు లేబొరేటరీలో రక్తం తీసే పని చేస్తుంది. అది డ్యూటీకి వెళ్తే పక్కింటి పిన్ని వచ్చి పిల్లని చూసుకుంటుంది. ఎండలు మొదలైన రోజుల్లో ఒకసారి నీ మరదలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. బుడంకాయ మంచం అంచు పట్టుకుని నిలబడి, తూలింది. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి చాపితే అందుతుంది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. పిల్ల ముందుకు పడి పెదవి చిట్లింది. రక్తం చూస్తూ కూడా కదలలేదు. నీ మరదలు పరుగెత్తుకొచ్చి ఎత్తుకుని, నన్ను తిట్టలేదు. అందుకే భయమేసింది. సాయంత్రం మెల్లిగా చెప్పింది: "నీకు జబ్బు అయితే నయం చేయించుకో. లేదంటే మేం మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాం. పిల్ల పడుతుంటే చూస్తూ నిలబడే మనిషి దగ్గర దాన్ని వదిలి నేను పనికి వెళ్ళలేను." సామాను పెట్టె అటక మీద నుంచి దింపి మంచం కింద పెట్టుకుంది. ఇంకా అక్కడే ఉంది.

ఇదీ సంగతి. క్షమించానని రాయొద్దు. నువ్వు రాసినా నేను నమ్మను. ఆరోజు ఏం చూశావో అది రాయి చాలు.

తమ్ముడు

*

జిమ్, పరుపుల గది
తలుపులేసుకుని

పేరుకి తమ్ముడైనవాడికి,

మేనత్తనయ్యానని నేనుగా అడిగితే వచ్చిన జవాబులో తెలిసింది. నీకు సిగ్గుందా? ఆ పిల్ల పుట్టినప్పుడు ఏడ్చిందా, జుట్టుతో పుట్టిందా, మన అమ్మ ముక్కు వచ్చిందా, నాకేమీ తెలియదు. దీనికి నిన్ను ఏం చేసినా పాపం లేదు.

సరే. అడిగావు కాబట్టి రాస్తున్నాను. రాశాక బాధపడితే నాకు సంబంధం లేదు.

నీ కథ తప్పు. నువ్వు నన్ను వదల్లేదు.

నేను ఊయల వదిలి వచ్చాను. సరైన సమయానికే వచ్చాను. నువ్వు కొంచెం ముందు ఊగావు. నీ కుడిచేతికి నేను అందలేదు. ఎడమచేతికి అందాను, అదీ మణికట్టు కాదు, సగం అరచేయి. అలాంటప్పుడు ఏం చేయాలి? నీకు పాలపళ్ళు ఊడకముందే తెలిసిన సంగతి. సగం పట్టు దొరికితే వెంటనే వదిలేయాలి. వదిలితే ఎగిరే మనిషి వల నడుమ వెల్లకిలా పడుతుంది. నాలుగుసార్లు ఎగిరెగిరి పడి, లేచి చెయ్యి ఊపుతుంది. జనం చప్పట్లు కొడతారు. వలన్నది అందుకే కట్టేది.

నాన్న కింద వల తాడు దగ్గర నిలబడి "వదులు!" అని అరిచాడు. బ్యాండు మోతలో జనానికి వినపడలేదు. నాకు వినపడింది. నేను కూడా "వదలరా" అన్నాను. నువ్వు నా మొహంలోకి చూస్తూ ఇంకా గట్టిగా పట్టుకున్నావు. నీ ఊయల వెనక్కి వెళ్ళింది. ఒంటిచేత్తో వేలాడే మనిషి గిరగిరా తిరుగుతుంది కదా, నేను తిరిగాను. అప్పుడు చెమటకి నీ పట్టు జారింది. ఆ జారే చోట కింద వల లేదు. అంచు ఉంది, అంచు అవతల నేల ఉంది.

ఇప్పుడర్థమైందా నేను గోడవైపు ఎందుకు తిరిగానో? నన్ను వదిలేశావని కాదు నా కోపం. వదలమని బతిమాలినా వదలనందుకు.

సర్కస్ మేనేజరుకి నాన్న ఏం చెప్పాడో నీకు తెలుసు. "చెమటండీ, చెయ్యి జారి పిల్లని వదిలేశాడు, ఎవరికైనా జరుగుతుంది." ఆస్పత్రికొచ్చి నన్నూ అదే చెప్పమన్నాడు. ఎందుకంటే చెయ్యి జారినవాడికి కొన్నాళ్ళకి మళ్ళీ ఊయల ఇస్తారు. వదులు అంటే వదలనివాడికి ఏ డేరాలోనూ ఇవ్వరు. నీ అన్నం గిన్నె నిలబడాలని ఆయన ఆ ముక్క ఊరంతా చాటాడు. తీరా నువ్వేమో మళ్ళీ ఊయలే ఎక్కలేదు. ఆయన అబద్ధం కూడా దండగైపోయింది.

కాబట్టి నీ జారుడుగాడు ఉత్త అమాయకుడు. వాడిని పంపించెయ్. నేను చూసింది ఇది.

ఆ చేతికర్ర పొట్టిదిరా. నా ఎత్తు ఎంతో అడగాలని కూడా తోచలేదు నీకు. అందుకు విరిచాను.

అక్క

*

గోదాము

అక్కకు,

ఉత్తరం పెట్టెల మధ్య నిలబడి చదివాను. సూపర్‌వైజరు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగి ఇంటికి పంపించేశాడు.

నాకు గుర్తుంది. నీ చిటికెనవేలు, ఉంగరం వేలు నా గుప్పిట్లో ఉన్నట్టు, నేను బిగించినట్టు, నీ పెదవులు కదిలినట్టు. ఇన్నేళ్ళుగా గుర్తుంది. అది నా మనసు తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అల్లుకున్న కల్పన అనుకున్నాను. వదిలేసినవాడు, వదల్లేదని కలలు కంటున్నాడనుకున్నాను. ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నాకున్న ఒక్క ఓదార్పూ అదే. నువ్వేమో అదే నా నేరం అంటున్నావు.

మీరిద్దరూ మనుషులేనా? నాన్న సంగతి సరే, పోయాడు. నువ్వు? నోరు తెరిచి ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. కొట్టినా పడి ఉండేవాణ్ణి. మీరిద్దరూ కలిసి నాకొక కథ కుట్టి తొడిగారు. అది తొడుక్కునే పెళ్ళి చేసుకున్నాను, తండ్రినయ్యాను. ఇప్పుడు విప్పెయ్, అది నీది కాదు అంటున్నావు. పోనీ ఏం మిగిలింది? వదిలేశానన్న తప్పు పోయి వదల్లేదన్న తప్పు వచ్చింది. పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డాను.

మేడమ్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. విని, "ఆ క్షణంలో మీ చెయ్యి ఏం కోరుకుంది?" అంది. ఇదేం ప్రశ్న? చేతికి కోరికలుంటాయా? అయినా చెప్పాను. మా అక్క నాకు కావాలని కోరుకుంది, ఇంకేం కోరుకుంటుంది అన్నాను. ఆవిడ ఊరుకోకుండా, "మరి ఇంట్లో మీ చేతులు ఏం కోరుకుంటున్నాయి?" అంది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి వచ్చేశాను. ఇక వెళ్ళను.

నీ ఉత్తరాలు కూడా చాలు. రాయకు.

*

జిమ్

ఒరేయ్,

రాయొద్దన్నావు. నీ మాట వినే అలవాటు నాకెప్పుడుంది?

నన్ను క్షమించమని అడగను. నాన్న ముందు నోరెత్తే దమ్ము నీకుండేదా, నాకుండటానికి? ఆయన పోయాక చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు. కానీ నువ్వు ఎప్పుడైనా వచ్చి "అక్కా, ఏం జరిగిందే" అని అడిగావా? కనిపిస్తే చాలు, కాళ్ళ మీద పడి "వదిలేశానక్కా, వదిలేశాను" అంటావు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో నాలుగో కాలు సంగతి ఏం మాట్లాడను? చూసి చూసి విసుగొచ్చి మాట్లాడటమే మానేశాను.

మీ మేడమ్ అడిగింది మంచి ప్రశ్న. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా మంచి ప్రశ్న. నువ్వు లేచి వచ్చేశావంటే అది తగలాల్సిన చోట తగిలింది.

ఇంకో సంగతి. ఉడుం అని పేరు పోయిందని ఏడ్చావు కదా. ఆ పేరు ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకో. మొదట్లో నాన్న నీ చేతికి ఇసుక సంచి అందించి, "వదులు" అనగానే వదలడం నేర్పేవాడు. పట్టేవాడి పనిలో సగం వదలడమే అనేవాడు. నువ్వు వదిలేవాడివి కాదు. ఆయన కింద నుంచి గొంతు చించుకుంటుంటే నువ్వు పైన తలకిందులుగా సంచిని కావలించుకుని వేలాడేవాడివి. "ఉడుం వెధవా, వదలరా" అని అరిచేవాడు. అది తిట్టురా! డేరా అంతా పట్టుకుని పిలిచేసరికి నువ్వు బిరుదనుకున్నావు. గోడల మీద బొమ్మలు వేసేవాడూ బిరుదే అనుకున్నాడు.

పిల్లని ఎత్తుకోకపోవడం జాగ్రత్త అనుకుంటున్నావా? నీ చేతులు ఖాళీగా ఉంటే కదా ఎత్తుకోవడానికి. ఇంకా నన్ను పట్టుకుని వేలాడుతున్నావు. నేనెప్పుడో పడిపోయానురా. పడి, విరిగి, అతికించుకుని, లేచి, ఈ మూల జిమ్‌లో పిల్లల మీద కేకలేస్తున్నాను. నీ గుప్పిట్లో నేను లేను. ఒకసారి విప్పి చూసుకో.

నీ మీద జాలిపడి రాయలేదు ఇదంతా. మంచం కింద పెట్టెతో ఉన్న ఆ పిల్ల తల్లి మీద జాలిపడి రాశాను.

అక్క

*

ఇల్లు, వంటగది గట్టు మీద పెట్టి రాస్తున్నాను
వానలు వెనకబట్టిన రోజులు

పిచ్చుకగారికి,

నీ మీద కోపం పోలేదు. ముందే చెబుతున్నాను, తర్వాత మర్చిపోయానంటావు. నాన్న మీద అయితే ఇంకా ఎక్కువ ఉంది. చచ్చినవాళ్ళతో పోట్లాడటం కుదరదు కాబట్టి ఆయన వాటా కూడా నీకే వేశాను.

ఒకరోజు పక్కింటి పిన్ని మోకాలు వాచి రాలేకపోయింది. నీ మరదలు సెలవు దొరకక, గుమ్మంలో నిలబడి నావైపు, పిల్లవైపు చూసి వెళ్ళింది. నేను నేల మీద దుప్పటి పరిచి బుడంకాయని ఆడుకోమన్నాను. నా మాట ఎవరు వింటారు? బట్టలారేసే స్టాండు ఉంటుంది చూడు, ఇనపది, దాని దగ్గరికి పాకి, కడ్డీ పట్టుకుని లేచి నిలబడి ఊపడం మొదలుపెట్టింది. తడిబట్టల బరువుతో స్టాండు ఒరిగింది. నేను ఆలోచించి ఏమీ చేయలేదక్కా. చేతులు వెళ్ళిపోయాయి. స్టాండు నా వీపు మీద పడింది, బుడంకాయ నా చేతుల్లో ఉంది. నెత్తిన ఎవరిదో తడి లంగా. అలాగే కూర్చున్నాను. ఎంత బరువుందో తెలుసా? సంచిలా ఉండదు. కదులుతుంది. మెడ దగ్గర ఊపిరి తగిలింది. గట్టిగా ఏడ్చేశాను, అది బిత్తరపోయి నా ముక్కు పట్టుకుంది. ఏం పట్టు అనుకున్నావు! ఉడుం కూతురు.

ఆ రోజు నుంచి ఇక దించలేదు. అదే గొడవైంది. వంట చేస్తూ ఎత్తుకున్నాను, షేవింగ్ చేసుకుంటూ ఎత్తుకున్నాను. నీ మరదలు మొదట సంతోషించి, తర్వాత విసుక్కుంది. "దాన్ని నేల మీద వదులు, నడక ఎలా వస్తుంది?" అంటుంది. వదిలినా రెండు చేతులూ చంకల కింద పెట్టి నడిపిస్తాను. అది గింజుకుంటుంది, నేను వదలను. మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్తున్నాను. ఆవిడకి చెబితే నవ్వి, జారుడికి పేరు మారుద్దామా అంది. ఇప్పుడే వద్దన్నాను. తొందరపడి పెట్టిన పేరుతో ఇన్నేళ్ళు తిప్పలుపడ్డాం కదా.

నిన్న ముందుగదిలో బుడంకాయ నా రెండు చూపుడువేళ్ళూ పట్టుకుని నిలబడింది. అవతల కుర్చీలో వాళ్ళమ్మ. అది నా వేళ్ళు వదిలేసింది. వెంటనే నేను దాని మణికట్లు పట్టుకున్నాను. లాగింది. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నావైపు తిరిగి చూసింది, ఏడుపు మొహం పెట్టి పెదవులు కదిపింది. మాటలు రావు దానికి. కానీ అక్కా, ఆ మొహం నాకు తెలుసు.

వదిలాను.

మూడు అడుగులో నాలుగో వేసింది. నేను లెక్కపెట్టలేదు. తర్వాత పడింది. నేను అక్కడే నిలబడ్డాను, చేతులు వెనక్కి కట్టుకోలేదు, ముందుకీ చాపలేదు. అదే లేచింది. నీ మరదలు రాత్రి పెట్టె తీసి అటక మీద పెట్టమంది. పెట్టాను.

నువ్వు చెప్పావు కదా, గుప్పిట విప్పి చూసుకున్నాను. నువ్వు లేవు. చాలా బాధేసింది.

తమ్ముడు

*

జిమ్

ఉడుమా,

ఇంత పొడుగు ఉత్తరం రాశావు, తడిబట్టల దగ్గర నుంచి నీ కన్నీళ్ళ దాకా అన్నీ రాశావు. అసలు సంగతి మింగేశావు. పిల్ల ఎలా పడింది? వెల్లకిలానా, బోర్లానా? చేతులు ముందుకి పెట్టిందా, తల వెనక్కి వేసిందా, గడ్డం లోపలికి లాక్కుందా? నడవడం ఎవరైనా నేర్చుకుంటారు. పడటం నేర్పాలి. అది నీకు రాదు, నీ జన్మలో పడ్డవాడివి కాదు. మీ ఆవిడకీ వచ్చినట్టు లేదు. ఇక నేర్పేది ఎవరు?

వచ్చే శనివారం పొద్దున బండికి వస్తున్నాను. నీ కోసం కాదు. నా మేనకోడలి కోసం. చిన్న పరుపు ఒకటి నాతో తెస్తున్నాను, మీ ఇంట్లో ఉన్నవి మెత్తగా ఉండి పనికిరావు.

స్టేషన్‌లో మెట్లుంటాయి. నా చేతిలో పరుపు ఉంటుంది, గోడ పట్టుకోలేను. నువ్వు చెయ్యి అందిస్తే పట్టుకుంటాను. పైకెక్కాక వదులు అంటాను. అన్నప్పుడు వదులు.

అక్క